ఆరు రోజుల వారం

మా పక్కింటి వదినెకు వారంలో ఆరు రోజులకే పేర్లుండేవి. ఆదివారం నుంచి గురువారం దాకా అందరిలాగే చెప్పేది. ఆ తర్వాతి రోజును "సంత దినం" అనేది. మళ్ళీ శనివారం. మా ఊరి పిల్లలకు ఇదొక ఆట. సరిగ్గా శుక్రవారం నాడే ఆవిడ వాకిట్లోకి వెళ్ళి, "పెద్దమ్మా, ఇయాల ఏ వారం?" అని అమాయకంగా అడిగేవాళ్ళు. "నన్నెందుకడుగుతరు, మీ పంతులమ్మ లేదా?" అని చీపురు ఎత్తేది. ఆ పంతులమ్మను నేనే.

సంగతేమిటంటే, ఆవిడ భర్తది శుక్రవారం పేరు. ఆ రోజు పుట్టాడు, ఆ రోజు పేరే పెట్టారు. మా వైపు దోర్ల గిరిజన కుటుంబాల్లో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. తెలుగు ఇళ్ళలోనూ ఈ పట్టింపు ఉంది గానీ, మా అమ్మ నాన్న పేరును మాత్రమే దాటవేసేది. వదినె అంతటితో ఆగలేదు. పేరు పలకకూడదంటే ఆ పేరులా వినిపించే మాట కూడా పలకకూడదు కదా. అందుకని పెళ్ళయిన నాటి నుంచి ఆ వారమే ఆవిడ నోట్లోంచి పోయింది. మా ఊళ్ళో సంత శుక్రవారమే గనక ఎవరికీ ఇబ్బంది లేదు. సంత దినం అంటే అందరికీ అర్థమయ్యేది.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. జ్వరంతో పోయాడు. పోయాక కూడా ఆవిడ పలకలేదు. ఆవిడ పలకని పేరును నేనూ ఇక్కడ రాయను. రాసే మొహం నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా.

నేను పుట్టింది తెలంగాణ సరిహద్దుకు ఇవతల, హిందీ రాష్ట్రంలో, కోంటా దగ్గర తెలుగు కుటుంబంలో. బాసగూడ వైపు ఈ ఊరి ప్రైమరీ బడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లో తెలుగు, రిజిస్టర్లలో హిందీ, ఒకటో తరగతి పిల్లలతో దోర్లీ, సంతలో మూడూ కలిపి మాట్లాడతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఇరవై ఏళ్ళు ప్రభుత్వ ఫారాలు నింపినవాళ్ళ ముక్కు మీద కోపం కాక ఇంకేముంటుంది?

నాకున్న పిచ్చి ఒక్కటే, పేర్ల పిచ్చి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒకటో తరగతి హాజరు పిలుస్తుంటే ఒక్క బుధవారం మీదే నాలుగు పేర్లొచ్చాయి. నలుగురూ ఒకేసారి లేచి నిలబడ్డారు. అప్పటి నుంచి ప్రతి ఇంటికీ వెళ్ళి ఈ బిడ్డకు ఈ పేరెందుకు పెట్టారని అడగడం మొదలుపెట్టాను. ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టిన పిల్లకు ఆ పూల పేరు. వాగు పొంగి మంత్రసాని దాటలేకపోయిన రోజున పుట్టినవాడికి వాగు పేరు. ముందు పుట్టినవాళ్ళు దక్కని ఇంట్లో అయితే బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకొచ్చి, ఎవరికీ అక్కర్లేని పేరొకటి పెడతారు. ఇది పనికిమాలిన సరుకని చావు కూడా ముట్టుకోకుండా పోవాలని. ఒకింట్లో తాత చనిపోయిన ఏడాదే మనవడు పుడితే తాతే తిరిగొచ్చాడని ఆయన పేరు పెట్టారు, ఆ రెండేళ్ళ పిల్లవాడిని వాడి నాయనమ్మ "నువ్వు" అనేది కాదు. ఇవన్నీ ఒక వంద పేజీల నోటు పుస్తకంలో రాసుకున్నాను. అది నిండితే రెండోది కొన్నాను. ఈ తాలూకాలో పేర్ల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

నా పేరుకు మాత్రం ఆఫీసులో పట్టిన గతి చూడండి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు వెనక. హిందీ ఫారంలో ముందున్నదే అసలు పేరు. మా ఇంటిపేరు ఒక వంటపాత్ర. ఇరవై ఏళ్ళుగా బ్లాకు ఆఫీసులో నన్ను ఆ పాత్ర పేరుకు "మేడం" తగిలించి పిలుస్తున్నారు. మొదట్లో సరిదిద్దాను. తర్వాత దెబ్బలాడాను. ఇప్పుడు పలుకుతున్నాను. పలకకపోతే జీతం బిల్లు ఆగుతుంది.

కాబట్టి పేరు తప్పు రాస్తే మనిషికి ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అది తెలిసీ నేను చేసిన పని ఇది.

ఎనిమిదేళ్ళ కిందట ఇంటింటి సర్వే వచ్చింది. ప్రతి కుటుంబంలో ఎవరెవరున్నారో రాసుకుపోవడానికి ఒక బాబు వచ్చాడు. బాబు అంటే మా దగ్గర గుమాస్తా అని. గీదం అవతల ఎక్కడో వాళ్ళ ఊరు. హల్బీ, హిందీ వచ్చు, దోర్లీ రాదు, తెలుగు అసలే రాదు. దుబాసీగా నన్ను పంపారు. మనిషి మంచివాడే. ఎండలో విసుక్కోకుండా తిరిగాడు. ఆ పొద్దుటి నుంచి నేను అతనికి నా పేర్ల పురాణం విప్పాను. ఇక్కడ వారాల మీద పేర్లు ఎలా పెడతారో, ఆడపిల్లకు చివర ఎలా మారుతుందో, మగపిల్లవాడికి ఎలా మారుతుందో ఇంటింటికీ నడుస్తూ చెప్పుకుంటూ వచ్చాను. అతను తలూపుతూ విన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

వదినె ఇంటికి వచ్చేసరికి ఆయన అడవికి పోయి ఉన్నాడు. బాబు "పతి కా నామ్?" అన్నాడు. నేను తెలుగులో, "ఆయన పేరేంది వదినె?" అని అడిగాను. ఆయన పేరు నాకు తెలుసు. పది అడుగుల దూరంలో ఉండే ఇల్లు, ఎందుకు తెలియదు? నేనే చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఆవిడ ఎలా దాటవేస్తుందో బాబుకు చూపించాలని నా సరదా. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "సంత దినం," అంది.

నేను ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను: బజారు రోజు మీద ఉన్న పేరట. అలా చెప్పి, చూశారా, ఇదీ ఇక్కడి పద్ధతి అన్నట్టు అతని వైపు చూశాను. అతను "సమఝ్ గయా మేడం," అన్నాడు, అర్థమైందని. పాఠం అప్పజెప్పిన విద్యార్థిలా ముఖం వెలిగిపోయింది. రాసేసుకున్నాడు. నేను కాగితంలోకి తొంగి చూడలేదు. అప్పటికే పక్కింటి పేరు కథ మొదలుపెట్టాను.

వాళ్ళ ఊళ్ళో సంత ఆదివారం. అతను ఆదివారం పేరు రాశాడు.

రాసింది అతనే అయినా తప్పంతా నాది. నేను నోరు మూసుకుని ఉంటే అతను రెండోసారి అడిగేవాడు, ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. వారాల పేర్ల సంగతి అతనికి అసలు తెలియకపోయి ఉంటే సరిగ్గానే రాసేవాడు. నా పాండిత్యం సగం అతనికి ఎక్కడం వల్ల ఈ ముప్పు వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆ సర్వే పేర్లతోనే వచ్చిన వాళ్ళ కొత్త రేషన్ కార్డు చూసి నేను పకపకా నవ్వాను కూడా. వదినెకు చెబితే ఆవిడా నవ్వింది. "బియ్యం ఇస్తుండ్రు గద, ఏ పేరైతేంది," అన్నాడు ఆయన. దిద్దిద్దాంలే అన్నాను. దిద్దించలేదు. ఎప్పటికప్పుడు ఏదో పని. ఆయన పోయినప్పుడు చావు కాగితం రేషన్ కార్డు చూసి రాశారు. అప్పుడూ అది నా కళ్ళ ముందే జరిగింది.

ఈ ఏడాది వాళ్ళ కూతురికి నర్సింగులో సీటు వచ్చింది. మా ఊరి నుంచి ఆ చదువుకు ఎంపికైన మొదటి పిల్ల. నా దగ్గర ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దిన పిల్ల. నన్ను అత్తా అంటుంది. చేరాలంటే శాశ్వత కుల ధ్రువీకరణ పత్రం కావాలి, గడువు పన్నెండు రోజులు. పత్రం లేకపోతే సీటు వెనకున్న పిల్లకు పోతుంది. దరఖాస్తు నేనే దగ్గరుండి, ఆన్‌లైన్‌లో కాగితాలు పంపే చాయిస్ సెంటర్లో పెట్టించాను. రెండో రోజే ఫోన్లో ఎర్ర అక్షరాలతో సమాధానం వచ్చింది. తండ్రి పేరు కాగితాల్లో సరిపోలడం లేదు.

మరునాడు బడికి సెలవు పెట్టి ముగ్గురం జీపెక్కి తహసీలు ఆఫీసుకు వెళ్ళాం. కిటికీ వెనక ఉన్న బాబు మా కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. పొలం పట్టాలోనూ, నా చేత్తో నేను రాసిన బడి రిజిస్టరులోనూ శుక్రవారం పేరుంది. రేషన్ కార్డులోనూ, చావు కాగితంలోనూ ఆదివారం పేరుంది. అతను రెండు వేళ్ళు చూపించాడు. ఇద్దరు మనుషులు అన్నాడు.

ఒక్కడే అన్నాను. ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. సంత, శుక్రవారం, ఆదివారం, పెళ్ళాం పేరు పలకకపోవడం, అన్నీ. నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ఆసక్తిగా విన్నారు. అతను వినలేదు. "మేడం, కహానీ మత్ సునాయియే," అన్నాడు. కథలు చెప్పొద్దట. ఇరవై ఏళ్ళలో నేను చెప్పిన ఒక్క నిజమైన కథ అది.

తర్వాత అతను ఇంకో మాట అన్నాడు. కాగితాల ప్రకారం చనిపోయింది ఆదివారం మనిషి. పట్టా ఉన్న శుక్రవారం మనిషి చనిపోయినట్టు ఎక్కడా లేదు. అలాంటప్పుడు పిల్ల తండ్రి బతికే ఉన్నట్టు లెక్క. ఆయన్నే తీసుకొచ్చి సంతకం పెట్టించండి, పని అయిపోతుంది.

అతను ఎగతాళికి అనలేదు. అదే నాకు ఇంకా మంట. నిజంగా సాయం చేస్తున్నాననుకుని అన్నాడు. పక్కన వదినె నా చెయ్యి పట్టుకుని, "ఏంది పంతులమ్మా, ఏమంటుండు?" అని అడిగింది. ఆవిడకు హిందీ సంత వరకే వచ్చు. "ఇంకో కాగితం కావాలంటున్నాడు," అన్నాను. పిల్లకు మాత్రం అర్థమైంది. గోడ మీద అంటించిన నోటీసు వైపు తిరిగి నిలబడిపోయింది.

ఆ తర్వాత ఐదు రోజులు నేను తిరగని చోటు లేదు. సర్పంచ్ కాగితం తెచ్చాను. పట్వారీ కోసం రెండు రోజులు కాపుకాసి, అతను వచ్చిన మూడో రోజున సంతకం తెచ్చాను. నా నోటు పుస్తకం కూడా ఒకసారి తీసుకెళ్ళాను, సిగ్గులేక. వారాల పేర్లన్నీ పట్టిక గీసి మరీ ఉన్నాయి అందులో. కిటికీ బాబు దాన్ని తిరగేసి, ముద్ర ఏదీ అని అడిగాడు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడు అంటారు. ఇక్కడ దేవుడెవరో కూడా మాకు తెలియలేదు. చివరికి ఒక దారి చెప్పారు. పెద్ద సారు ముందు బయాన్ ఇవ్వాలి. అంటే, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటితో చెప్పాలి, అది రాసుకుని వేలిముద్ర వేయించుకుంటారు. పిల్లకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఆ పిల్ల మాట చెల్లదు. నేను బయటి మనిషిని. తల్లే చెప్పాలి, ఆ రెండు పేర్లూ తన నోటితోనే చెప్పాలి.

ఇంకా మూడు రోజులుంది గడువు.

ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో కూర్చుని చెప్పాను. ఒక్కసారి అంటే అయిపోతుంది వదినె, ఒక్క క్షణం పని, అన్నాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ, "నేను చెప్ప," అంది. అంతే. చెప్పను అని కోపంగా కాదు, ఉప్పు లేదు అన్నంత మామూలుగా అంది.

నాకు తిక్క రేగింది. ఐదు రోజుల ఎండ, జీపులు, కిటికీలు అన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. "పలికితే ఆయుష్షు తగ్గుతదని కదా మీ పట్టింపు. ఆయన పోయిండు. ఇంకేం తగ్గుతది?" అనేశాను. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను గానీ మాట బయటికి వచ్చేసింది.

ఆవిడ చేతిలో పని ఆపింది. "ఆయుష్షు కాదు పంతులమ్మా," అంది. "ఊరందరు ఆ పేరు పిలిచిర్రు. మా అత్త పిలిచింది, ఆయన దోస్తులు పిలిచిర్రు. నువ్వు పిలిచినవ్. తిట్టేటోళ్ళు గూడ ఆ పేరు పెట్టే తిట్టిర్రు. అందరు వాడిండ్రు. నేనొక్కదాన్నే వాడలే. నా కాడ అది కొత్తగనే ఉన్నది. పెట్టెల పెట్టిన కోక లెక్క."

నా రెండు నోటు పుస్తకాల్లో ఈ సంగతి లేదు. పేరు ఎలా పెడతారో రాసుకున్నాను, ఎందుకు పెడతారో రాసుకున్నాను. పలకని మనిషి దగ్గర ఆ పేరు ఏమవుతుందని ఎవరినీ అడగలేదు. మొగుడి పేరు పలకకపోవడం మూఢనమ్మకం అని ఐదో తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉంటాను. గింజలు తీసే పనిలో నేనూ చెయ్యి పెట్టాను.

గుమ్మంలో నిలబడి వింటున్న పిల్ల అప్పుడు అంది: "వద్దులే అత్తా. అమ్మను అడగకు. ఈసారి కాకుంటే వచ్చే ఏడు చూద్దాం." గొంతు మామూలుగానే పెట్టడానికి చూసింది. వచ్చే ఏడు అనేది లేదని మా ముగ్గురికీ తెలుసు. వచ్చే ఏడుకి ఎవరో ఒకరు సంబంధం తెస్తారు, లేదంటే మిరప తోటల పనికి సరిహద్దు దాటి తెలంగాణ వైపు పోతుంది. ఊళ్ళో ఆ పిల్ల ఈడు వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. వదినె కూతురి వైపు చూసింది. "పొద్దుగాల జీపెన్నింటికి?" అని నన్ను అడిగింది.

మర్నాడు ఆఫీసులో బయాన్లు చెప్పేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. గదిలో మధ్యన పెద్ద సారు, పక్కన టైపు చేసే బాబు, మూలన ప్రింటరు. పైన ఫ్యాను గరగరమంటోంది. మా వంతు రాగానే బాబు తలెత్తకుండానే, "పతి కా నామ్?" అన్నాడు. ఎనిమిదేళ్ళ కిందట విన్న మాటే. ఈసారి నేను దుబాసీని కాదు, వెనక నిలబడమన్నారు.

వదినె కొంగు సర్దుకుంది. కిందికి చూస్తూ చెప్పింది. నేను చెవులు రిక్కించినా సరిగ్గా వినబడలేదు.

"జోర్ సే బోలో," అన్నాడు బాబు. గట్టిగా చెప్పమన్నాడు.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి నాకు వినబడింది. ఎంత బాగా పలికిందని. మేమందరం ఆ పేరును మధ్యలో మింగేస్తాం, తొందరగా పిలిచి పిలిచి అరగదీశాం. ఆవిడ పూర్తిగా, ఒక్కో అక్షరం అన్నది. బాబుకు దోర్ల యాస పట్టలేదు. హిందీ వాళ్ళ తీరులో దాన్ని ఇంకోలా అని, ఇదేనా అన్నాడు. కాదని తలూపి ఆవిడ మూడోసారి చెప్పింది. వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. ఎవరో చూద్దామని తిరిగాను గానీ అందరూ ఫోన్లలోకి చూస్తున్నారు. ఆ గదిలో నేను తిట్టాలనుకున్న తిట్లు తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని, దోర్లీలో ఒకటి. ఒక్కటీ తిట్టలేదు. తిడితే పిల్ల పత్రం ఆగుతుంది.

"ఔర్ దూసరా నామ్?" అన్నాడు బాబు.

వదినెకు అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. రెండో పేరు చెప్పమంటున్నాడని చెప్పాను. "రెండోది ఏంది? ఆయనకు ఒకటే పేరు," అంది. ఆదివారం పేరు కూడా ఆయనదేనని చెప్పాలి వదినె, అప్పుడే ఇద్దరూ ఒకరవుతారు, అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. "అది ఆయన పేరు కాదు గద, పంతులమ్మా." కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? "అనాలి వదినె," అన్నాను. నాకు నా గొంతే అసహ్యంగా వినిపించింది.

అంది. అదైతే ఒక్కసారికే వినబడింది, ఒక్కసారికే సరిగ్గా రాసుకున్నాడు.

ప్రింటరులోంచి కాగితం వచ్చింది. మొదట శుక్రవారం పేరు, తర్వాత "ఉర్ఫ్", తర్వాత ఆదివారం పేరు. ఉర్ఫ్ అంటే మన తెలుగు కాగితాల్లో "అలియాస్" అని రాస్తారే, అది. దొంగల పేర్ల మధ్యలో కనబడే మాట. పొలం, ఇల్లు, అడవి తప్ప ఏమీ తెలియని మనిషి చచ్చిన నాలుగేళ్ళకు ఒక ఉర్ఫ్ సంపాదించుకున్నాడు. వదినె దాని కింద వేలిముద్ర వేసింది. పెద్ద సారు సంతకం పెట్టాడు. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికి వస్తూ ఆవిడ బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకుంది, అది పోలేదు.

జీపులో నేను నా తప్పు ఒప్పుకున్నాను. ఆ సర్వే రోజు నేనే నోరు మూసుకుని ఉంటే ఇదంతా లేదు వదినె, అన్నాను. "నువ్వు సంత దినం అన్నది అన్నట్టే చెప్పినవ్ గద," అంది. క్షమించినట్టూ లేదు, నిష్ఠూరమూ లేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆవిడ నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

గడువు చివరి రోజు మధ్యాహ్నం పత్రం ఫోన్లో వచ్చింది. పిల్ల వెళ్ళి చేరింది. ఫోటో పంపింది, తెల్ల కోటులో, జడ బిగించి. మెడలో గుర్తింపు కార్డు, దాని మీద తండ్రి పేరు ఉర్ఫ్‌తో సహా ఉంది. అక్కడి వాళ్ళు పేరు పొడవుగా ఉందని ఆ పిల్లను అడిగారట, మీ నాన్నకు రెండు పేర్లెందుకని. ఏం చెప్పావని అడిగితే, "ఒకటి ఇంట్లోది, ఒకటి ఆఫీసుదని చెప్పిన అత్తా," అంది. పాఠం అప్పజెప్పినంత బాగా చెప్పింది. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నారు. పంతులమ్మ పట్టుబట్టి సాధించింది అన్నారు. చేతులు కాల్చింది నేనే, ఆకులు తెచ్చి పెట్టిందీ నేనే, మెప్పు మాత్రం ఆకులు తెచ్చినందుకు.

తర్వాతి వారం, గురువారం ఉదయం బడికి బయల్దేరుతున్నాను. వదినె కంచె అవతల చేటలో చింతపండు ఆరబోస్తోంది. నన్ను చూసి పిలిచింది.

"పంతులమ్మా, రేపు సుక్కురారం. సంతకొస్తవా?"

ఆ మాట అందరిలాగే అంది. ఆగలేదు, గొంతు తగ్గించలేదు, చేటలో నుంచి చెయ్యి కూడా తీయలేదు. ఆవిడ నోట ఆ వారం పేరు వినడం నాకు అదే మొదటిసారి. వినగానే ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది.

"అదేంది వదినె, సంత దినం అనకూడదా?" అన్నాను.

"ఇంకేంది పంతులమ్మా," అంది ఆవిడ, పండులో ఈనె ఒకటి తీసి పారేస్తూ. "పాతదైపోయింది గద."

నాకు బడికి వేళవుతోంది. సంత దినం నాడు సెలవు పెట్టి వస్తానని చెప్పి వెళ్ళిపోయాను.